కుక్కర్ విజిల్ ఉన్న పాట

మా అమ్మ కుక్కర్ విజిల్ నాకు కారు రేడియోలో వినిపించింది.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. 2014లో, ఆక్లాండ్‌లో, హెండర్సన్ మెయిన్ రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్నాను. నేను పని చేసే వృద్ధాశ్రమంలో పొద్దుటి షిఫ్ట్ ముగించుకుని ఇంటికి వెళ్తున్నాను. రేడియోలో ఏదో గిటార్ పాట వస్తోంది. పాడేవాడు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టున్నాడు. ఈ దేశంలో ఇలాంటి పాటలకు కొదవ లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఉన్నట్టుండి పాట మధ్యలో విజిల్ వచ్చింది.

లోకంలో కుక్కర్లన్నీ ఒకలా కూస్తే మా కుక్కర్ ఇంకోలా కూస్తుంది. ముందు ఎక్కిళ్ళు వచ్చినట్టు రెండుసార్లు తుస్సుమంటుంది, ఆ తర్వాత గొంతు సర్దుకుని ఒక్కసారిగా కేక పెడుతుంది. ఎప్పుడో దాని వెయిట్ కింద పడి సొట్టపోయింది. కొత్తది కొనమని అమ్మ అడిగినప్పుడల్లా నాన్న "బువ్వ ఉడుకుతున్నదా లేదా?" అనేవాడు. హనుమకొండలో ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు పెరిగినదాన్ని, ఆ కూత నాకు తెలియకపోవడమేమిటి?

వెనక కార్లవాళ్ళు హారన్ కొట్టారు. ఇక్కడ హారన్ కొట్టారంటే అమ్మనా బూతులు తిట్టినట్టే లెక్క. పచ్చలైటు ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. ఎలాగో కారు పక్కకు తీసి ఒక చిల్లరకొట్టు ముందు ఆపాను. పాట అయిపోయింది, రేడియో ఆయన మాట్లాడుతున్నాడు. ఇది 2006 నాటి పాటట. పాత ఇంటర్నెట్ ఫోరంలో టిన్‌రూఫ్ అనే పేరుతో ఎవరో పెట్టి మాయమైపోయారట. దక్షిణాన ఉన్న డునెడిన్ ఊరి కుర్రాళ్ళే అయ్యుంటారని ఆయన అనుమానం. "మధ్యలో దూరంగా ఆ రైలు కూత విన్నారా? ఎంత దిగులుగా ఉందో!" అన్నాడు.

రైలు కూతట, నీ మొహం. అది ముద్దపప్పు.

టిన్‌రూఫ్ మా అన్న విఠల్. చనిపోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

అన్న డిగ్రీ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష రాయనని మొండికేసి, వంటింటి పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇంట్లో పని చేసే ప్లగ్గు అక్కడే ఉండేది మరి. ఎక్కడో న్యూజిలాండ్‌లో కుర్రాళ్ళు షెడ్లలోనూ పడగ్గదుల్లోనూ డొక్కు టేప్‌రికార్డర్ల మీద రికార్డు చేసుకున్న పాటలంటే వాడికి పిచ్చి. ఒక్క పాట దిగడానికి పూటంతా పట్టేది. నెట్ ఫోన్ లైను మీదే కాబట్టి మధ్యలో ఎవరైనా ఫోన్ ఎత్తితే మళ్ళీ మొదటికొచ్చేది, వాడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. తీరా వింటే అందులో గరగర, బుసబుస. ఇందులో ఏముందిరా అని అడిగితే, "ఆడ బాత్రూంల రికార్డ్ చేసినా పాటనే అంటరే నవీనా. మనోళ్ళకు స్టూడియో గావాలె, సూటు గావాలె" అనేవాడు.

తనకూ ఒక బ్యాండ్ ఉందన్నాడు. తనూ, హైదరాబాద్‌లో ఇంకొకడూ, అంతే, ఇద్దరే. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఫోరంలో పరిచయమై, మెయిల్లో ముక్కలు ముక్కలుగా పాటలు పంపుకుని అతికించేవాళ్ళు. ఆ రెండోవాడి పేరేమిటని నాన్న అడిగితే "స్లోపోస్ట్" అన్నాడు. "గదేం పేరురా, అవ్వయ్య పెట్టిందేనా?" అన్నాడు నాన్న. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో అసలు పేరు చెప్పుకోవడం వాళ్ళకు నామోషీ. అన్న అక్కడ టిన్‌రూఫ్. అన్న గిటార్ వాయించి పాడతాడనీ, ఆ స్లోపోస్ట్ ఎవడో డ్రమ్ములు గట్రా కలుపుతాడనీ నేను అనుకునేదాన్ని. గోడ అవతల నుంచి నాకు వినిపించేది గిటారే. పాడటం సిగ్గుకొద్దీ మేం లేనప్పుడు కానిస్తాడనుకున్నాను.

2006 వానాకాలంలో ఆ స్లోపోస్ట్‌ని మొదటిసారి కలవడానికి అన్న హైదరాబాద్ బస్సెక్కాడు. జనగామ దాటాక బస్సును లారీ గుద్దింది.

"ఆ ఇంటర్నెట్టోడు నా కొడుకును మింగిండు" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ బ్యాండ్ మాటెత్తకూడదని ఆన పెట్టాడు. పోయినవాళ్ళు వాడిన వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని మావాళ్ళ పట్టింపు. దినాల నాడు బట్టలు, మంచం, చెప్పులు అన్నీ ఇచ్చేశారు. నాన్న ఆ కోపంలో గిటార్‌నీ కంప్యూటర్‌నీ కూడా బండెక్కించాడు. తీసుకున్న చుట్టాలబ్బాయి కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి ఆటలు ఎక్కించుకున్నాడు. అన్న గొంతు అందులోనే ఉండిపోయిందని అమ్మకు తట్టేసరికి అంతా అయిపోయింది. సెల్‌ఫోన్‌లో వీడియోలు తీసుకునే రోజులు కావవి. మా దగ్గర మిగిలినవి ఫొటోలు మాత్రమే.

మా పాపను చూసుకోవడానికి అమ్మ హెండర్సన్‌లో మా ఇంటికి వచ్చిన కొత్తలో ఒకరోజు బట్టలు మడత పెడుతూ అంది. "మొఖం యాదికున్నది బిడ్డా. గొంతు యాదికొస్తలేదు. ఎంత యాది చేసుకున్నా వస్తలేదు." ఎవరి మీదా నింద వేయలేదు, ఏడవలేదు. ఆ మాట నాకు మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

అందుకే ఆ రోజు డెయిరీ ముందు (ఇక్కడ చిల్లరకొట్టును డెయిరీ అంటారు) స్టీరింగ్ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. దుఃఖం కాదు, సంబరం. అన్న గొంతు దొరికింది. అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా టైముంది. వెళ్ళేలోపు ఆమెకు వినిపించాలి.

రేడియో స్టేషన్‌కు ఫోన్ చేశాను. ఆయన పేరు క్రెయిగ్. పాత ఎమ్‌పీత్రీ పాటలు పోగేసి వారానికోసారి వేస్తుంటాడు. అది రైలు కాదు, మా ఇంటి కుక్కర్ అని చెప్పాను. "అన్నం వండే గిన్నెనా?" అన్నాడు. అది ఏ రైల్వే లైను మీది కూత అని ఫోరంలో ఏళ్ళ తరబడి కొట్టుకున్నారట. టిన్‌రూఫ్ చనిపోయాడని చెప్పేసరికి ఆ మనిషి గొంతు మారిపోయింది. ఆ సాయంత్రమే ఫైలు పంపించాడు.

ముందు శ్రవణ్‌కి వినిపించాను. శ్రవణ్ నా భర్త. క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకునేటప్పుడు రిక్కార్టన్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండేవాడు. దిల్‌సుఖ్‌నగర్ మనిషి. ఒకరోజు వాళ్ళ తలుపు అవతల నుంచి అన్న గదిలో మోగే గరగరలాంటిదే వినిపిస్తే ఆగలేక తలుపు కొట్టాను. ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలో తెలియక చక్కెర అడిగాను. చక్కెర అడిగినదాన్ని మనిషినే తెచ్చుకున్నాను. 2011లో అక్కడ భూకంపం వచ్చాక ఆక్లాండ్ వచ్చేశాం, పెళ్ళయింది, అప్పటికి మా పాప వర్షితకు ఎనిమిదో నెల. మా అన్న బస్సు యాక్సిడెంట్‌లో పోయాడని శ్రవణ్‌కి చెప్పాను కానీ, అంతకుమించి ఏమీ చెప్పలేదు. నాన్న పెట్టిన ఆన మా ఇంట్లో అలాగే అలవాటైపోయింది.

శ్రవణ్ పాప పాలసీసా కడుగుతున్నాడు. మా అన్న పాట దొరికిందని చెప్పి ఫోన్‌లో పెట్టాను. సీసా చేతిలోంచి జారి సింకులో పడింది. పాట పూర్తయ్యేదాకా అటే తిరిగి నిలబడ్డాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి వానలో నిలుచున్నాడు. నా బాధ చూసి కరిగిపోయాడనుకుని నాకు మహా ముద్దొచ్చాడు.

కానీ అమ్మకు వినిపిద్దామంటే మాత్రం కాలు కదపడు. "జెర ఆగు నవీనా, బుసబుస ఎక్కువున్నది, సాఫ్ చేసి ఇస్త" అన్నాడు. సరేనన్నాను. మర్నాడు స్పీకర్లు మంచివి కావాలన్నాడు. ఆ మర్నాడు "అత్తమ్మకు బీపీ ఉన్నది, ఇప్పుడెందుకు?" అన్నాడు. అన్న పాట దొరికిందని విన్నప్పటి నుంచి అమ్మ, నేను ఇంటికి రాగానే "అయిందా బిడ్డా?" అని అడిగేది. నేను మటుకు రోజూ కారులో ఆ పాట పెట్టుకుని, ఆ గొంతుతో మాట్లాడుకుంటూ, ఎరుపు పచ్చ తెలియకుండా డ్రైవ్ చేసేదాన్ని. అన్నా, నాకు కూతురు పుట్టింది. అన్నా, నువ్వు చూడాలనుకున్న దేశంలోనే ఉన్నాను. ఆ గొంతు పాడుకుంటూ పోయేది.

వచ్చే మంగళవారం అమ్మ ఫ్లైట్ అనగా ఆదివారం మధ్యాహ్నం నాకు తిక్క రేగింది. "నువ్వు సాఫ్ చేసింది చాలు" అని శ్రవణ్‌ని కసిరి, ఫోన్‌ని టీవీ స్పీకర్లకు కలిపాను. అమ్మ తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. వంటింటి అల్మరాలోని దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి కార్పెట్ మీద కూర్చుంది. వర్షిత ఆమె ఒళ్ళో ఆడుకుంటోంది. శ్రవణ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

పాట మొదలైంది. అమ్మ కళ్ళు మూసుకుని, చెవి టీవీ వైపు పెట్టి, ఊపిరి బిగబట్టి వింది. నేను పాట వినడం లేదు, అమ్మ మొహమే చూస్తున్నాను. విజిల్ రాగానే కళ్ళు తెరిచి, "అగో! నా కుక్కర్!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాట అయిపోయింది. అమ్మ ఇంకా ఏదో వస్తుందన్నట్టు అలాగే కూర్చుంది.

"వాడేడి?" అంది.

"అదేనమ్మా. పాడేది అన్ననే గదా."

"కాదు."

"ఇంగ్లీష్ పాట గదమ్మా, గొంతు జెర మార్చి పాడిండు..."

"నా కడుపుల పుట్టినోని గొంతు నాకు ఎరుక లేదా? యాదికొస్తలేదంటే ఎరుక లేదనా?" అమ్మ నా వైపు చూడటం లేదు. గుమ్మం వైపు చూస్తోంది. "గిది అల్లుని గొంతు."

నాకు ముందు నవ్వొచ్చింది. శ్రవణ్ పాడటమేమిటి? పుట్టినరోజు కేకు దగ్గర కూడా పెదాలు ఆడించి ఊరుకునే మనిషి. గొంతులో కప్ప ఉందని నలుగురిలో నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను.

"నువ్వు డ్యూటీకి పోయినంక పిల్లను పండవెట్టుకుంట దినాం పాడుతడు," అంది అమ్మ. "నేను వంటింట్ల నుంచి ఇంటనే ఉన్న. ఇదే గొంతు."

శ్రవణ్ వైపు తిరిగాను. కాదని అంటాడేమో, నవ్వేస్తాడేమో అని ఎదురుచూశాను.

"స్లోపోస్ట్ నేనే, నవీనా," అన్నాడు.

వర్షిత ఏదో బొమ్మను నేలకేసి కొడుతోంది, ఆ చప్పుడొక్కటే వినిపిస్తోంది. వారం రోజులుగా నేను కారులో అన్నా అన్నా అని పిలుచుకుంటూ ఏడ్చింది నా మొగుడి గొంతు పట్టుకుని! ఆ గొంతు గల మనిషి రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు! సిగ్గో, అసహ్యమో, భయమో నాకే తెలియదు. చేతికందిన తువ్వాలు తీసి అతని మొహాన కొట్టాను.

"వారం నుంచి నేను ఏడుస్తుంటే సూసుకుంట ఊకున్నవా? నాతోని నాటకమాడినవా?"

"నువ్వు పాట పెట్టిందాంక నాకు గుడ తెల్వదు. ఒట్టు. వాని పేరు విఠల్ అని తెల్వదు. వరంగల్ దిక్కు అని తెలుసు, అంతే. మీ ఇంట్ల గోడ మీద ఫొటో చూసిన, కానీ వాని మొఖం నేనెన్నడు చూసిన్నని?" శ్రవణ్ గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "ఎట్ల చెప్పాలె? మీ అన్న గొంతు కాదు అది, నాది అని ఎట్ల చెప్పాలె? నన్ను కలువనీకే వచ్చుకుంట సచ్చిపోయిండని ఎట్ల చెప్పాలె?"

నేను ఏదో అనబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"బస్టాండ్ల నిలవడ్డ," అన్నాడు శ్రవణ్ ఆమెతో. "నల్లంగి తొడుక్కొస్త అని చెప్పిండు. నల్లంగి ఏసుకున్న ప్రతి మనిషి దగ్గరికి పోయి టిన్‌రూఫా అని అడిగిన. అందరు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండ్రు. రాలే. నన్ను ఎర్రోన్ని చేసిండు అనుకున్న. ఇంటికి పోయి ఫోరంల అందరు చూసేటట్టు తిట్టిన అత్తమ్మా. మోసగాడు, పిరికోడు అని రాసిన. గప్పటి సంది పాడుడు బందు వెట్టిన. సచ్చిపోయినోన్ని తిట్టిన నేను."

నాన్న ఎనిమిదేళ్ళుగా శపిస్తున్న ఆ ఇంటర్నెట్టోడు మా ఇంటి గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. అమ్మ ఏమంటుందోనని ఆమె వైపే చూశాను. ఆమె నోటి నుంచి ఒక్క మాట తప్పు పడితే నా సంసారం ఏమవుతుందో తెలియదు. అమ్మ వర్షితను ఒళ్ళోంచి దించి పక్కన కూర్చోబెట్టింది.

"ఎంతసేపు నిలవడ్డవ్?"

"పొద్దుమూకేదాంక."

"ఏమన్న తిన్నవా ఆ దినం?"

శ్రవణ్ తల అడ్డంగా ఊపాడు. తర్వాత పెద్దగా, పసిపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ అతని దగ్గరకు జరిగి తల మీద చెయ్యి వేసింది. నాకు కోపం పోలేదు కానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ అప్పుడు తగిలింది నాకు. ఈ పాటలో అన్న గొంతు లేదు. వస్తుందని ఆశపెట్టి, దీపం పెట్టించి, అమ్మను ఉత్త చేతులతో కూర్చోబెట్టాను. ఎల్లుండి ఆమె వెళ్ళిపోతుంది.

"అత్తమ్మా," అన్నాడు శ్రవణ్ మొహం తుడుచుకుని. "వాడు పంపిన అసలు ఫైలు నా పాత మెయిల్ల ఉన్నది. గిటార్ ఒక్కటే. దాని మీదనే నేను గొంతు కలిపి మల్ల పంపిన. మొదట్ల ఏవో మాటలుండె. పాటకు అడ్డమని నేనే కోసేసిన. వారం నుంచి ఇందామనుకుంటున్న, చెయ్యి వస్తలేదు."

"ఏం మాటలు?" అన్నాను.

"యాదికి లేదు. అప్పుడు సరిగ ఇనలే గుడ."

లాప్‌టాప్ తెచ్చాడు. ఆ మెయిల్ తెరిచి నా వైపు తోశాడు. నేనే నొక్కాను.

ముందు ఫ్యాన్ చప్పుడు. మా ఇంటి ఫ్యానే, కిర్రుమంటూ. కుర్చీ లాగిన చప్పుడు. గిటార్ తీగ ఒకటి టంగుమంది. తర్వాత దూరంగా, వంటింట్లోంచి, ఒక ఆడమనిషి గొంతు, గట్టిగా, విసుగ్గా:

"ఏం లొల్లిరా అది? బువ్వ తింటవా లేదా?"

అమ్మ ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది ఆమె గొంతే.

మైకుకు బాగా దగ్గరగా, నవ్వు ఆపుకుంటూ ఒక కుర్రాడు జవాబు చెప్పాడు.

"ఒక్క నిమిషం, అమ్మా."

సన్నటి గొంతు. కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు. నేను వారమంతా ఏడ్చిన గొంతుకూ దీనికీ పోలికే లేదు. నేనూ మరిచిపోయానని నాకు అప్పుడే తెలిసింది. ఇదే. వీడే. ఫోన్ ఎత్తితే అరిచేవాడు వీడే.

"ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టాడు. గిటార్ మొదలైంది. ఆ తర్వాత మాటలేమీ లేవు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ లొల్లినంతా మొదటిసారి శ్రద్ధగా వింటూ కూర్చుంది. ఆమె మొహం నేను చిన్నప్పుడు చూసిన మొహంలా ఉంది. పెదాలు కదులుతున్నాయి. "ఒక్క నిమిషమన్నడు," అంది తనలో తాను.

అంతలో స్పీకర్లో కుక్కర్ రెండుసార్లు తుస్సుమని, గొంతు సర్దుకుని కేక పెట్టింది.

అమ్మ కళ్ళు తెరవకుండానే నేల మీద చెయ్యి ఆనించి లేచింది. కొంగు నడుముకు దోపుకుంటూ, ఎప్పటిలా గబగబా, వంటింట్లోకి నడిచింది, పొయ్యి బందు చేయడానికి.

పొయ్యి మీద ఏమీ లేదని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.